ఎర్ర సూది

తాండూరులో మా ఇంటి నేలంతా నాపబండలే. ఈ ఊళ్లో ఎవరింటికి పోయినా కాళ్ల కింద ఆ బండే ఉంటుంది. మా ఆయన పనిచేసేది బండలకు పాలిష్ పట్టే చోట కాబట్టి మా అరుగు మీదా, వంటగట్టు మీదా, ఆఖరికి బట్టలుతికే చోటా అదే. ఎండాకాలం మా అవ్వ ఊరి నుంచి వచ్చిందంటే గడప దాటగానే చెప్పులు విడిచి, రెండు పాదాలూ బండ మీద ఆనించి కాసేపు కదలకుండా నిలబడేది. మా దిక్కు తల్లిని అవ్వ అని పిలుస్తాం. "మీ ఇంట్ల నాకు నచ్చింది గీ సల్లటి బండ ఒక్కటే బిడ్డా" అనేది, లోపల ఉన్న మా ఆయనకు వినపడేటట్టు. అల్లుడిని ఆటపట్టించడం ఆమెకు మహా సరదా.

అట్లాగే ఒక వేసవిలో వచ్చింది. నేను మేడ మీద బట్టలు ఆరేసి కిందికి దిగేసరికి గడప నుంచి వంటింటి దాకా బండల మీద ఎర్రటి మరకలున్నాయి. నా బిడ్డకు ఏదో కోసుకుందనుకున్నాను. "ఎవరికి తెగింది?" అని అరిచాను. అవ్వ వంటింట్లో గోడకానుకుని కూర్చుని, కాళ్లు చాపుకుని, నల్ల టీ తాగుతోంది. "నాకేం తెల్సు? నేను ఇప్పుడే వస్తి" అంది. మరకల వెంట పోతే అవి ఆమె మడమ దగ్గర ఆగాయి. తుమ్మముల్లు చెప్పులోంచి దిగి లోపలే విరిగిపోయింది.

పిన్నీసుతో ముల్లు తీస్తున్నంతసేపూ ఆమె కవలలు ఈనిన ఒక గొర్రె గురించి చెబుతూనే ఉంది. కాలు వెనక్కి లాక్కోలేదు, మొహం చిట్లించలేదు. నా గోరంత పొడవున్న ముల్లు బయటికి తీసి చూపిస్తే నవ్వింది. "నీ చెయ్యి మస్తు అల్కగుంది బిడ్డా. తీసినట్టే తెల్వలే" అంది.

మా అవ్వ నన్ను మెచ్చుకోవడం అరుదు. ఆ మెప్పు వింటే మాత్రం నాకు భయమేసింది.

ఎందుకంటే ఆ పాదాల సంగతి నాకు తెలుసు. మాది మోమిన్‌పేట్ దగ్గర చిన్న ఊరు. గొర్లు కాసుకునే ఇల్లు. మా నాయన పోయిన తర్వాత మంద అవ్వ చేతికొచ్చింది. ఆడమనిషి మంద వెంట ఏం తిరుగుతుందని చుట్టాలు అన్నారు. అన్నవాళ్లలో ఒక్కరూ ఒక్క పూట వచ్చి కాయలేదు, కాబట్టి ఆమె వాళ్ల మాట చెవిన పెట్టలేదు. తెల్లవారకముందే చెప్పులు లేకుండా దొడ్లోకి పోయి అటు చివర నుంచి ఇటు చివరకు నడిచేది. నేల ఎక్కడ చెమ్మగా ఉందో ఆమె అరికాలికి తెలిసేది. చెమ్మలో నిలబడితే గొర్ల గిట్టలు చెడిపోతాయి. పైకి పొడిగా కనిపించే చోటనే ఆగి "గీడ ఒద్దు, గీడ లోపట తడుంది" అనేది. తవ్వి చూస్తే నిజంగానే ఉండేది. ఆ మడమలోంచి తుమ్మముల్లు తీస్తే తెలియలేదంటే నేను ఎట్లా ఊరుకుంటాను?

అడగ్గా అడగ్గా ఒక్కొక్కటే బయటపెట్టింది. పాదాల్లో చీమలు పాకినట్టుంటోందట. ఒకసారి వాగు దాటి ఇంటికి వచ్చేసరికి ఒక కాలికే చెప్పుందట, రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదట. నాలుక మండుతోందట, కారం తినలేకపోతోందట. పొద్దున లేస్తూనే గోడ పట్టుకుంటోందట. ఇవన్నీ చెప్పి, "ముసలితనం గిట్లనే ఉంటది, ఫికర్ జెయ్యకు" అని ముగించింది. ఆమె అప్పటికి అంత ముసలిది కాదు.

ఆమె తిండి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గొర్ల ఇంట్లో పుట్టి గొర్ల ఇంటికే కోడలైన మనిషి మాంసం తినేది కాదు. మా నాయన పోయాక ఊరివాళ్లతో పండరికి పోయి వచ్చి మెడలో తులసిమాల వేసుకుంది. ఆ మాల వేసుకున్నవాళ్లు మాంసం, గుడ్డు ముట్టరు. అది చాలదన్నట్టు పాలు కూడా వదిలేసింది. ఆ వదిలేయడం నా వల్ల జరిగింది. నా బిడ్డ పుట్టినప్పుడు నాకు పాలు పడలేదు. పసిది గుక్కపట్టి ఏడుస్తుంటే అవ్వ ఆస్పత్రి వరండాలోకి పోయి, పండరి ఉన్న పడమటి దిక్కు తిరిగి చేతులెత్తి, "నా బిడ్డకు పాలు పడితే నేను జన్మల పాలు ముట్ట" అని గట్టిగా మొక్కింది. పక్క మంచాల వాళ్లంతా విన్నారు. రెండు రోజులకు నాకు పాలు పడ్డాయి. డాక్టరు ఇచ్చిన మందుకు పడ్డాయని నేనంటాను, ఆమె ఒప్పుకోదు. ఆ రోజు నుంచి పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ బంద్. నల్ల టీ, జొన్నరొట్టె, పప్పు, తొక్కు, అంతే.

నా బిడ్డ బడికి పోయే వయసుకు వచ్చాక కూడా నేను పోరు పెట్టాను. "ఇంక చాలవ్వా, నీ మొక్కు తీరింది, ఇంత మజ్జిగన్నా పోసుకో" అన్నాను. "నీ బిడ్డ తాగిన పాలు నువ్వు వాపస్ ఇస్తవా?" అని అడిగింది. ఆమెతో వాదనకు దిగి గెలిచిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ముల్లు తీసిన సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు అవ్వతోనే ఉంటాడు, మోమిన్‌పేట్ నుంచి వికారాబాద్‌కు ఆటో నడుపుతాడు. గొర్లంటే వాడికి మొదటి నుంచీ గిట్టదు. నేను చెప్పింది మొత్తం విని, "వికారాబాద్‌ల మంచి డాక్టర్ ఉన్నడక్కా, రక్తం టెస్టులు జేపిద్దాం. అందుల ఏమన్న తక్కువ వస్తే మాత్రం గొర్లను అమ్మేసుడే. నేనింక ఊకోను" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. అవ్వ విన్నది. టీ గ్లాసు కడిగి బోర్లించింది.

పరీక్ష రోజు నేను తాండూరు నుంచి రైల్లో వికారాబాద్ పోయాను. వాళ్లిద్దరూ ఆటోలో వచ్చారు. అవ్వను చూసి నాకు నవ్వొచ్చింది. తలకు నూనె పెట్టి నున్నగా దువ్వుకుంది, పెళ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుంది, బొట్టు పెద్దగా పెట్టుకుంది. "పెండ్లిసూపులకు వచ్చినట్టున్నవ్ కదవ్వా" అంటే, "మరి సూపెట్టుకొనీకే గదా వస్తిమి" అంది. పరగడుపున రమ్మంటే పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చింది. మొహం కూడా ఎన్నడూ లేనంత తేటగా ఉంది. నాకు లోలోపల ఆశ పుట్టింది, నేనే ఎక్కువ భయపడ్డానేమో అనుకున్నాను.

డాక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు. చెప్పిందంతా రాసుకున్నాడు. షుగరు, థైరాయిడ్, బీ ట్వెల్వ్, విటమిన్ డి, ఇంకా ఏవేవో రాశాడు. రక్తం తీసే అమ్మాయి చేతికి రబ్బరు కట్టి సూది గుచ్చితే అవ్వ కళ్లార్పకుండా చూసింది. సీసాలోకి రక్తం దిగుతుంటే, "ఎర్రగనే ఉంది గదా పిల్లా?" అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వి, "మస్తు ఎర్రగుంది పెద్దమ్మా" అంది. అవ్వ తమ్ముడి వంక తిరిగి కనుబొమ్మలు ఎగరేసింది.

మరునాడు రిపోర్టు వచ్చింది. షుగరు లేదు. థైరాయిడ్ బాగుంది. విటమిన్ డి తక్కువుంది, అది అందరికీ తక్కువే ఉంటోందన్నాడు డాక్టరు. బీ ట్వెల్వ్ మాత్రం మామూలు గీత దాటి ఎంతో పైన ఉంది. డాక్టరు దాని కింద పెన్నుతో గీత గీసి, "నేను దీని మీదనే అనుమానపడ్డానమ్మా. కానీ ఇది నిండుగా ఉంది. అంటే పాదాల తిమ్మిరికి కారణం ఇది కాదు, నడుములో నరం ఎక్కడో నొక్కుకుంటూ ఉండాలి" అన్నాడు. నడుముకు స్కాన్ రాశాడు.

అవ్వకు ఆ ముక్కల్లో ఒక్కటే అందింది. "నిండుగుందంటుండు విన్నవారా?" అంది తమ్ముడితో. వాడు తల గోక్కున్నాడు. నేను సంతోషపడ్డాను. మాంసం లేదు, పాలు లేవు, అయినా నిండుగా ఎట్లా ఉందని ఒక్క క్షణం అనిపించింది. కానీ మెషిను చెప్పిందాన్ని కాదనడానికి నేనెవరిని? ఆమె తిరిగే అడవిలో ఏ ఆకో పండో తింటోందేమో అనుకున్నాను. దేవుడిని కూడా తలుచుకున్నాను, మొక్కు పట్టిన మనిషిని ఆయన కనిపెట్టి ఉంటాడని.

ఆ పొద్దు ఆమె పట్టుబట్టి మమ్మల్ని అనంతగిరికి తీసుకుపోయింది. గుళ్లో పద్మనాభస్వామికి దండం పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టించి, ఇంత ముక్క నా నోట్లో పెట్టింది. మెట్లు ఎక్కినప్పుడు బాగానే ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుని, తల పూర్తిగా వంచి, ఒక్కో మెట్టునూ కళ్లతో చూసుకుంటూ కాలు వేసింది. "రాయి నున్నగుంది" అంది. రాయి నున్నగా లేదు. నేనా మాట అనలేదు, ఆ రోజు ఆమె అంత సంబరంగా ఉంది.

స్కానులో నడుము పూసలు అరిగాయని వచ్చింది. ఆ వయసులో గొర్లు కాసే ఎవరి నడుము తీసి చూసినా అరగకుండా ఉంటుందా? బెల్టు ఇచ్చారు. బెల్టు పెట్టుకుని ఆమె మళ్లీ మంద వెంట పోయింది. వానాకాలమంతా అట్లాగే గడిచింది. ఫోన్‌లో అడిగితే మంచిగున్న అనేది. దసరా అప్పటికి ఆమె మాట తేడాగా వినపడసాగింది. చెప్పిందే చెప్పేది. మా నాయన ఇంకా మేత నుంచి రాలేదని ఒకసారి కంగారుపడింది. ఎన్నడూ ఎవరినీ అనుమానించని మనిషి, తన మందలోంచి ఎవరో గొర్లను మారుస్తున్నారని పక్కింటివాళ్ల మీదికి పోయింది. వయసు మీద పడిందన్నారు ఊళ్లోవాళ్లు. చిన్నాయన ఒకాయన గాలి సోకిందని తాయెత్తు కట్టించాడు. తమ్ముడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. వాడు ఏడుస్తుంటే వినడం నాకు అదే మొదటిసారి.

కంది చేలు పూతకు వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అవ్వ మంద ఎవరిదో చేలో పడి మేసింది. చేను మనిషి తిట్టుకుంటూ గొర్లను తోలి, కాపరి కోసం వెతికితే అవ్వ గట్టు పక్కన కాలవలో కూలబడి ఉంది. దెబ్బలేమీ లేవు. లేవబోతే కాళ్లు చెప్పినట్టు వినలేదు. చీర తడిసిపోయింది. ఎంతసేపటి నుంచి అట్లా ఉందో ఆమెకే తెలియదు. ఆయన తిట్లన్నీ మరిచిపోయి, తన తువ్వాలు ఆమె మీద కప్పి, మా తమ్ముడికి కబురు పెట్టాడు. ఆ వారంలోనే తమ్ముడు మందను అమ్మేశాడు. వాడిని నేను తప్పు పట్టను. గొర్లు బండి ఎక్కుతుంటే అవ్వ వాకిట్లో కూర్చుని చూస్తూ, "ఎవలియిరా గీ జీవాలు? మంచిగున్నయ్" అందట.

నేను పోయి ఆమెను తాండూరుకు తెచ్చుకున్నాను. ఇక్కడ వయసు మళ్లిన ఒక డాక్టరమ్మ ఉంది. పాత రిపోర్టులు, స్కాను అన్నీ ముందు పెట్టాను. ఆమె వాటిని పక్కకు జరిపి, అవ్వను కళ్లు మూసుకుని నిలబడమంది. అవ్వ కళ్లు మూసింది. మూసీ మూయగానే పక్కకు ఒరిగింది, నేను పట్టుకున్నాను. డాక్టరమ్మ అవ్వ నాలుక చూసింది, కనురెప్పల లోపల చూసింది. ఏం తింటుందని అడిగింది. చెప్పాను. పాలు కూడా లేవా అని మళ్లీ అడిగింది. అప్పుడు పాత రిపోర్టులో గీత గీసి ఉన్న అంకెను కాసేపు చూసి, "ఈ టెస్టుకు ముందు ఈమెకు ఏమైనా సూదులు వేయించారా?" అంది.

"లేదు" అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది. పరగడుపున, నీళ్లు కూడా ముట్టకుండా తీసుకుపోయాం, మేమేమన్నా తెలివి తక్కువ వాళ్లమా అన్నట్టు చూశాను.

"ఏయించుకున్న" అంది అవ్వ.

ఆ మధ్య ఆమె ఏ మాటా సరిగ్గా కలిపి చెప్పడం లేదు. ఈ మాట మాత్రం స్పష్టంగా చెప్పింది.

"ఎప్పుడమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పరీక్షకు ముంగటి దినం. మా ఊళ్లె సూదులిచ్చే ఆయనుంటడు. రెండు ఏయమన్న. ఎర్ర సూదులు, బలానివి. గంతకు ముంగట గూడ ఒకటి ఏసిండు."

"ఎందుకు వేయించుకున్నవ్?"

అవ్వ ఆమెను వింతగా చూసింది, ఇంత చదివి ఇది కూడా తెలియదా అన్నట్టు. "గొర్రెను అంగడికి ఉత్తగ తోల్కపోతరా డాక్టరమ్మా? పొద్దున్నే ఉప్పు నాకిస్తరు. ఉప్పుకు దప్పికయి కడుపు నిండ నీళ్లు తాగుతది. డొక్కలు నిండి మంచిగ కనిపిస్తది. గొర్రెకే గంత జేస్తిమి. నన్ను నేను సూపెట్టుకొనీకి పోతున్న, నా రక్తం తక్కువుంటే నా కొడుకు మందను అమ్ముతా అనె. అందుకే ఏయించుకున్న."

నాకు ఆ ఆకుపచ్చ చీర, పెద్ద బొట్టు, తేటగా ఉన్న మొహం గుర్తొచ్చాయి. సీసాలో రక్తాన్ని అంత గర్వంగా ఎందుకు చూసిందో అర్థమైంది.

డాక్టరమ్మ నాకు నిదానంగా చెప్పింది. రక్తానికీ, నరాలకీ, ఆలోచనకీ కూడా బీ ట్వెల్వ్ కావాలి. అది మాంసంలో, గుడ్లలో, పాలలో దొరుకుతుంది. జొన్నల్లో, పప్పులో, ఆకుకూరల్లో ఉండదు. ఆ ఎర్ర సూదిలో ఉన్నది కూడా అదే. సూది వేసిన మరునాడు రక్తం తీస్తే సూదిలోని మందే రిపోర్టులో కనిపిస్తుంది, ఒంట్లో ఎన్నో ఏళ్లుగా ఉన్న కొరత కనిపించదు. ఒకటి రెండు సూదులతో ఆ కొరత తీరదు. కొన్ని రోజులు బాగున్నట్టుండి మళ్లీ మొదటికొస్తుంది. "ఇప్పుడు మళ్లీ టెస్టు చేద్దాం. మందు కూడా ఇవ్వాళే మొదలుపెడదాం" అంది. "కాళ్లు?" అని అడిగాను. "మనసు తేరుకుంటుంది, ఒంట్లో బలం వస్తుంది. నరాలు మాత్రం ఎక్కువ కాలం ఆగవమ్మా, ఒకసారి చెడితే పూర్తిగా తిరిగి రావు. వానాకాలం మొదట్లోనే పట్టుకుని ఉంటే వేరేగా ఉండేది" అంది.

ఈసారి రిపోర్టులో ఆ అంకె అడుగున ఉంది. అంత అడుగున ఉన్న అంకెను తానీ మధ్య చూడలేదంది డాక్టరమ్మ.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వికారాబాద్ డాక్టరు మీద కోపం వచ్చింది, సూది గురించి ఆయన ఒక్క మాట అడగొచ్చు కదా అని. ఊళ్లో సూదులిచ్చే ఆయన మీద వచ్చింది. మొక్కు విన్న దేవుడి మీద అందరికంటే ఎక్కువ వచ్చింది. నా బిడ్డకు పాలిచ్చి మా అవ్వ కాళ్లు తీసుకున్నాడని అనిపించింది. అది న్యాయమైన మాట కాదని నాకు తెలుసు. అయినా ఆ రోజు నాకు న్యాయంగా ఆలోచించే ఓపిక లేదు.

ఆ సాయంత్రమే సూదులు మొదలయ్యాయి. నర్సు మందు ఎక్కిస్తుంటే అవ్వ దాని రంగు చూసి నా చెయ్యి గిల్లింది. "గిదే సూది! నేను ముందుగాల్నే ఏయించుకోలే? గీ సూది కోసం నన్ను గన్ని ఊర్లు తిప్పిండ్రు మీరు" అంది. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

పాలు తాగడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. డాక్టరమ్మ చెప్పింది, మా ఆయన బతిమాలాడు, నా బిడ్డ గ్లాసు పట్టుకుని ముందు నిలబడింది. "సూది ఎన్నన్న గుచ్చుండ్రి, మొక్కు మొక్కే" అంది. సరే అన్నాను. నాకు ఇంక ఆమెతో కొట్లాడే మనసు లేదు.

సూదులు పనిచేశాయి. వారాలు గడిచే కొద్దీ ఆమె మొహంలోకి పాత అవ్వ తిరిగొచ్చింది. నాలుక మంట తగ్గింది, కారం అడిగింది. చెప్పిందే చెప్పడం మానేసింది. మా ఆయనను మళ్లీ ఆటపట్టించడం మొదలుపెట్టింది. ఇంట్లో పండుగలా అనిపించింది నాకు. ఒక పొద్దున నేను రొట్టెలు చేస్తుంటే వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. కళ్లు నిర్మలంగా ఉన్నాయి.

"బిడ్డా, మంద ఎవలు కాస్తుండ్రు?" అని అడిగింది.

పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పలేకపోయాను. మతి లేనప్పుడు ఆమె ఆ సంగతి అడగలేదు. వాకిట్లో తన గొర్లు తన ముందే బండి ఎక్కుతుంటే ఎవరివో అనుకుంది. ఇప్పుడు మతి వచ్చింది కాబట్టి చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. ఆమె తమ్ముడిని తిట్టలేదు. "కవలలీనినది గూడనా?" అంది. అది కూడా అన్నాను. వెనక్కి తిరిగి గోడ పట్టుకుంటూ పోయి మంచం మీద పడుకుంది. ఆ రోజు అన్నం తినలేదు. ఏడవను కూడా లేదు, ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కాళ్లకు బలం కొంత వచ్చింది, స్పర్శ రాలేదు. ఇంట్లో తిరుగుతుంది, కానీ తల వంచి పాదాలను చూసుకుంటేనే నడవగలదు. చూపు పక్కకు పోతే తూలుతుంది. వేడి నీళ్లు పడి కాలితే తెలియదు కాబట్టి స్నానం నీళ్లు నేనే చూసి పెడతాను. రోజూ సాయంత్రం ఆమె పాదాలు నా ఒళ్లో పెట్టుకుని ఎక్కడన్నా తెగిందా, కమిలిందా అని వెతుకుతాను. డాక్టరమ్మ చెప్పిన పని అది. అవ్వ ఆ పొద్దంతా ఏం జరిగిందో చెబుతూ ఉంటుంది. నా చేతులు ఆమె పాదాల మీద ఉన్నాయని చూస్తేనే తెలుస్తుంది ఆమెకు.

ఈ ఎండాకాలం ఎండలు ఎక్కువగానే ఉన్నాయి. మొన్న దీపాలు పెట్టే వేళ అవ్వ వంటింట్లోంచి ముందు గదిలోకి వస్తుండగా కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి. ఫోన్ ఎక్కడ పెట్టానో నాకు దొరకలేదు. గది నడుమ ఆమె అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"బిడ్డా" అంది.

"ఏందవ్వా?"

"నా కాళ్లు నేల మీదనే ఉన్నయా? జర సూడు."

గొంతులో భయం ఉంది. తోడేళ్లు తిరిగే చోట మందను ఆపిన మనిషి గొంతులో నేను భయం వినడం అదే మొదలు. తడుముకుంటూ పోయి ఆమె ముందు కూర్చున్నాను. చేతికి బండ తగిలింది, చల్లగా ఉంది. ఆ బండ మీదనే ఆమె పాదాలు రెండూ ఉన్నాయి, వేళ్లు బిగబట్టి ఉన్నాయి. రెంటినీ గట్టిగా పట్టుకున్నాను.

"నేల మీదనే ఉన్నయవ్వా. నేను పట్టుకున్న."

"పట్టుకున్నవా?"

"ఆ. రెండూ పట్టుకున్న."

నేను ఇంకా గట్టిగా అదిమాను, నొప్పి పుడుతుందేమో అన్నంత గట్టిగా. పుడితే బాగుండుననే అదిమాను.

"నువ్వు సెప్తున్నవు గదా, పట్టుకునే ఉంటవు" అంది, నా తల మీద చెయ్యి ఆనించి.

కరెంటు వచ్చేదాకా అట్లాగే ఉన్నాం. వచ్చాక ఆమె మొదట తల వంచి కిందికి చూసుకుంది. బండ మీద తన పాదాలూ, వాటి మీద నా చేతులూ కనిపించాక అప్పుడు వదిలింది నా తలను.